వేర్‌యాజ్ అంటే ‘కానీ’ అనుకుంటే దస్తావేజు ఎందుకు అర్థం కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ మధురవాడలో ఫ్లాట్ తీసుకుంటున్నారు. బిల్డర్ పంపిన సేల్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్‌లో మొదటి పేజీలోనే ‘వేర్‌యాజ్’ అనే మాట పెద్ద అక్షరాలతో నాలుగుసార్లు ఉంది. పదో తరగతి చదువుతున్న మీ పాప గ్రామర్ పుస్తకంలో ఆ మాటకు ‘కానీ, అయితే’ అని అర్థం ఇచ్చారు. అది పెట్టుకుని చదివితే ‘కానీ అమ్మకందారు ఈ ఆస్తికి సంపూర్ణ యజమాని’ అని వస్తోంది, ఇందులో ఏదైనా మెలిక ఉందా అని మీ టెన్షన్. పైగా పాప అదే మాటతో ‘నేను కష్టపడి చదివాను, వేర్‌యాజ్ తక్కువ మార్కులు వచ్చాయి’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాస్తే టీచరు కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు.

మెలిక ఏమీ లేదు, ముందు ఆ భయం వదిలేయండి. పుస్తకంలో అర్థం తప్పు కాదు గానీ సగమే. మామూలు ఇంగ్లీషులో ఈ మాట రెండు విషయాలను పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తుంది. దస్తావేజుల్లో, చట్టాల్లో, నోటీసుల్లో మాత్రం ‘సంగతి ఇలా ఉండగా’ అంటూ వెనకటి కథ ఎత్తుకుంటుంది. పాప పుస్తకం మొదటి పని చెప్పి ఊరుకుంది. మీ డ్రాఫ్ట్ రాసిన వకీలు గారు రెండోది వాడారు.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనుకుంటారు. జగదాంబ దగ్గర టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు లోయర్, హయ్యర్ పాసై ఒక వకీలు గారి ఆఫీసులో టైపిస్టుగా చేరాను. 30 ఏళ్లు దాటింది. ఇప్పుడు దస్తావేజులు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చడమే నా పని. వకీలును కాను. మాట గురించి చెప్పగలను, మీ ఆస్తి మంచిచెడ్డలు మాత్రం వకీలుకు చూపించుకోవాల్సిందే.

చేరిన మొదటి వారంలోనే ఈ మాట దగ్గర తిట్లు తిన్నాను. రెమింగ్టన్ మిషను, మూడు కాపీలకు మధ్యలో రెండు కార్బన్లు. ‘వేర్‌యాజ్’ అని షిఫ్ట్ లాక్ నొక్కి పెద్ద అక్షరాలతో కొట్టాలి, కింద గీత పెట్టాలి, తర్వాత లాక్ తీసి మిగతాది మామూలుగా కొట్టాలి. అంతవరకు బాగానే కొట్టాను. ఆ పేరా చివర, స్కూల్లో నేర్చుకున్నట్టు, ఫుల్‌స్టాప్ పెట్టాను. గుమాస్తా గారు కాగితం మిషనులోంచి లాగేసి, ‘ఇక్కడ చుక్క పెట్టావంటే డాక్యుమెంటు తెగిపోయినట్టే’ అన్నారు. ఆయన గ్రామర్ చదివిన మనిషి కాదు. కానీ ఈ మాటకున్న అసలు కీలకం అదే, ఆ ఒక్క వాక్యంలో చెప్పేశారు. అది నాకు అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

కీలకం ఏమిటంటే, ‘వేర్‌యాజ్’తో మొదలైన ముక్క తనంతట తాను నిలబడదు. అది సగం మాట. మిగతా సగం ఎక్కడో ఒకచోట రావాలి. మీ అగ్రిమెంట్‌లో వరుసగా నాలుగు ‘వేర్‌యాజ్’లు అయ్యాక ‘నౌ దిస్ అగ్రిమెంట్ విట్నెసెత్’ అని ఒక లైను వస్తుంది, చూడండి. అదీ మిగతా సగం. అంటే వ్యాకరణం ప్రకారం మొదటి పేజీ అంతా ఒకే ఒక్క వాక్యం. ‘ఫలానా వారు యజమాని అయి ఉండగా, వారు బిల్డర్‌తో ఒప్పందం చేసుకుని ఉండగా, ఈ ఫ్లాటు బిల్డర్ వాటాకు వచ్చి ఉండగా, దాన్ని కొనడానికి మీరు ముందుకు వచ్చి ఉండగా, ఇప్పుడు ఈ ఒప్పందం సాక్షిగా రాసుకున్నది ఏమనగా...’ అని చదువుకోండి. ‘కానీ’ పెట్టి చదివితే తలకిందులైన పేజీ ‘ఉండగా’ పెట్టేసరికి దారిలో పడుతుంది.

ఈ ‘ఉండగా’ను నేను ఊరికే ఎంచుకోలేదు. ‘వేర్‌యాజ్’ చేసే రెండు పనులనూ తెలుగులో ఈ ‘-గా’ ఒక్కటే చేస్తుంది. పేపర్లో రాసే వాక్యం చూడండి: ‘అన్న డాక్టరు కాగా, తమ్ముడు లాయరు.’ ఇది తేడా చూపే పని. దస్తావేజులో: ‘సదరు ఆస్తి నా స్వాధీనంలో ఉండగా...’ ఇది కథ ఎత్తుకునే పని. మన భాషలో రెండిటికీ ఒకే ప్రత్యయం ఉంది, ఇంగ్లీషులో రెండిటికీ ఒకే మాట ఉంది. మధ్యలో నిఘంటువు వచ్చి ‘కానీ’ అని రాయడం వల్లే తికమక. పాప పుస్తకంలో ‘కానీ’ పక్కన పెన్సిల్‌తో ‘కాగా, ఉండగా’ అని రాయించండి.

పాతకాలం దస్తావేజు లేఖరులకు ఇంగ్లీషు రాకపోయినా ఈ పని ఎంత చక్కగా నడిపించేవారో చూస్తే ముచ్చటేస్తుంది. ‘ఫలానా గారికి ఫలానా గారు వ్రాయించి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా’ అని ఎత్తుకునేవారు. ఆ తర్వాత ‘దిగువ షెడ్యూలులో ఉదహరించిన ఆస్తి నా స్వార్జితమై, నా స్వాధీన అనుభవములో ఉండగా, నా కుటుంబ అవసరముల నిమిత్తము సదరు ఆస్తిని తమకు విక్రయించుటకు నిశ్చయించుకొని’ అంటూ ఊపిరి తీసుకోకుండా పోయేవారు. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. ‘అయి’, ‘ఉండగా’, ‘కొని’ అని ఒక ముక్కకు ఇంకో ముక్క తగిలించుకుంటూ అసలు మాట దాకా వెళ్లేవారు. ఇంగ్లీషు వాళ్లు నాలుగు ‘వేర్‌యాజ్’లతో చేసే పనే ఇది. ఇప్పుడు ఇంగ్లీషు డ్రాఫ్ట్‌ను తెలుగు చేయమంటే కొంతమంది ప్రతి ‘వేర్‌యాజ్’కూ ‘అయితే’ అని పెట్టేస్తున్నారు. ‘అయితే అమ్మకందారు యజమాని. అయితే కొనుగోలుదారు కొనుటకు అంగీకరించినారు.’ చదువుతుంటే ఇద్దరి మధ్యా గొడవ జరుగుతున్నట్టు ఉంటుంది.

ఈ మాట ఎలా పుట్టిందో తెలిస్తే రెండు పనులూ ఎందుకు అంటుకున్నాయో అర్థమవుతుంది. ‘వేర్’ అంటే ఎక్కడ. దానికి ‘యాజ్’ తగిలింది. పాత ఇంగ్లీషు రాతల్లో ఈ మాటకు ‘ఎక్కడైతే, ఏ చోటైతే’ అనే అర్థం కూడా ఉండేది. చోటు నుంచి ‘ఏ పరిస్థితిలోనైతే’ అనే అర్థానికి, అక్కణ్నుంచి ‘ఇలా ఉండగా’కు జరిగింది. వింతగా ఉందంటారా? మనమూ అదే చేస్తాం. ‘నలుగురు చేయాల్సిన చోట ఒక్కడే చేస్తున్నాడు.’ ‘పది వేలు అయ్యే చోట ఆరు వేలతో గడిచింది.’ ఇందులో ‘చోట’ ఏ ఊరు, ఏ వీధి? స్థలం లేదు, పోలిక ఉంది. ఇంగ్లీషు వాళ్ల ‘వేర్’ కూడా అలాగే జరుగుతూ వచ్చి పోలికలో స్థిరపడింది.

చట్టాల్లో వాడకం గురించి ఎక్కువ చెప్పను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ‘వేర్‌యాజ్ ఇట్ ఈజ్ ఎక్స్‌పీడియెంట్’ (ఇలా చేయడం తగినదై ఉండగా) అనే మొదలవుతుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా అంతే. 1948లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మానవ హక్కుల ప్రకటన పీఠికలో 7 ‘వేర్‌యాజ్’లు ఉన్నాయి, ఆ తర్వాత ‘నౌ, దేర్‌ఫోర్’, అంటే ‘కాబట్టి ఇప్పుడు’. మన రాజ్యాంగ పీఠికలో మాత్రం ఒక్కటి కూడా లేదు. అది ‘వుయ్, ద పీపుల్’ అని నేరుగా మొదలవుతుంది.

కానీ 2005 నాటి సమాచార హక్కు చట్టం పీఠిక దగ్గర కాసేపు ఆగాలి. పాపకు పాఠంగా చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు దొరకలేదు. అందులో 4 ‘వేర్‌యాజ్’లు. రాజ్యాంగం ప్రజాస్వామ్య గణతంత్రాన్ని నెలకొల్పి ఉండగా, అని ఒకటి. ప్రజాస్వామ్యానికి విషయాలు తెలిసిన పౌరులు, సమాచారంలో పారదర్శకత అవసరమై ఉండగా, అని రెండోది. సమాచారం వెల్లడి చేయడం ఆచరణలో ఇతర ప్రజా ప్రయోజనాలతో ఢీకొనే వీలు ఉండగా, అని మూడోది. ప్రజాస్వామ్య ఆదర్శానికే పెద్దపీట వేస్తూ వీటి మధ్య పొందిక కుదర్చడం అవసరమై ఉండగా, అని నాలుగోది. అప్పుడు ‘నౌ, దేర్‌ఫోర్’ అని అసలు మాట. రెండో దానికీ మూడో దానికీ మధ్య చూడండి: సమాచారం కావాలి అని ఒకటి, సమాచారం ఇస్తే చిక్కులున్నాయి అని మరొకటి. రెండూ పీఠికలోని ముక్కలే, అయినా ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. తేడా చూపే పని, కథ చెప్పే పని ఇక్కడ ఒకేచోట కలిశాయి.

సరే, మీ కాగితం దగ్గరికి వద్దాం. ఈ ‘వేర్‌యాజ్’ పేరాలను ఇంగ్లీషులో రిసైటల్స్ అంటారు. వీటిలో హామీలు, షరతులు సాధారణంగా ఉండవు. ఆస్తి ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఎలా వచ్చింది, ఈ ఒప్పందం దాకా ఎందుకు వచ్చారు అనే కథ ఉంటుంది. ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులను మన దగ్గర లింక్ డాక్యుమెంట్లు అంటామే, వాటి వరుస అంతా ఇక్కడే ఉంటుంది. ఎంతకు అమ్ముతున్నారు, ఎప్పుడు స్వాధీనం చేస్తారు, ఆలస్యమైతే ఏమిటి, అవన్నీ ‘విట్నెసెత్’ తర్వాతి భాగం. కట్టుబడాల్సింది ముఖ్యంగా ఆ భాగానికి.

మరి కథలో ఒకటి రాసి, షరతుల్లో ఇంకోటి రాస్తే? దీనికి ఇంగ్లండులో 1886లో లార్డ్ ఎషర్ అనే జడ్జి ఒక తీర్పులో మూడు ముక్కల్లో దారి చూపించారు. షరతుల భాగం అస్పష్టంగా ఉండి కథ స్పష్టంగా ఉంటే, కథను బట్టి అర్థం చెప్పుకోవాలి. కథ అస్పష్టంగా ఉండి షరతులు స్పష్టంగా ఉంటే, షరతులే చెల్లుతాయి. రెండూ స్పష్టంగా ఉండి ఒకదానికొకటి పొసగకపోతే, అప్పుడూ షరతులదే పైచేయి. కాబట్టి పేజీ నిండా పెద్ద అక్షరాలతో ఉన్న ‘వేర్‌యాజ్’ను చూసి జడుసుకుని, లోపల చిన్న అక్షరాలతో ఉండే ‘ప్రొవైడెడ్ దట్’ను దాటేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది ‘అయితే, ఈ షరతు మీద మాత్రమే’ అనే మాట. డబ్బులు పోయేవి అక్కడ. మీరు ఆగాల్సింది అక్కడ.

అలాగని కథ భాగాన్ని తేలిగ్గా తీసుకోమని కాదు. ఇది నా చేతి తప్పే, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఒక తల్లి కొడుకుకు ఇల్లు సెటిల్‌మెంట్ డీడ్ (డబ్బు తీసుకోకుండా ఇంట్లోవాళ్లకు ఆస్తి రాసిచ్చే దస్తావేజు) ద్వారా రాసిచ్చింది. కొన్నేళ్లకు ఆ కొడుకు, అతని నుంచి వాటా పొందిన తమ్ముడు కలిసి ఆ ఇల్లు అమ్మారు. ఆ సేల్ డీడ్ నేనే టైపు చేశాను. రెండో ‘వేర్‌యాజ్’లో ‘సెటిల్‌మెంట్ డీడ్’ అని కొట్టాల్సిన చోట చేతి అలవాటు కొద్దీ ‘సేల్ డీడ్’ అని కొట్టాను. నంబరు కరెక్టే, సంవత్సరం కరెక్టే. ఆ రోజు ఎవరూ చూడలేదు. పదేళ్ల తర్వాత కొన్నాయన బ్యాంకు లోనుకు వెళితే, బ్యాంకు తరఫు వకీలు లింక్ డాక్యుమెంటు పక్కన పెట్టుకుని చదివి, ‘ఇందులో సేల్ అని ఉంది, అందులో సెటిల్‌మెంట్ అని ఉంది, ముందు సరిచేయించుకు రండి’ అని ఫైలు పక్కన పెట్టేశారు. సవరణ దస్తావేజుకు అమ్మిన ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అన్న ఇక్కడే గాజువాకలో ఉన్నాడు, తమ్ముడేమో గల్ఫ్‌లో. అతను సెలవు మీద వచ్చేదాకా నాలుగు నెలలు ఆగారు. కొన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పట్నుంచి రిసైటల్స్ చదివేటప్పుడు లింక్ డాక్యుమెంటు పక్కన పరుచుకుని, స్కేలు పెట్టి లైను లైను చూస్తాను.

ఇందాక ‘అన్న ఇక్కడే ఉన్నాడు, తమ్ముడేమో గల్ఫ్‌లో’ అని రాశాను, గమనించారా? అనుకుని రాసింది కాదు, అలా వచ్చేసింది. మాట్లాడే తెలుగులో ‘వేర్‌యాజ్’ ఇదిగో, ఈ ‘ఏమో’. ‘అక్కేమో ఇడ్లీ తింటుంది, చెల్లేమో పూరీ కావాలంటుంది.’ ‘బీచ్ రోడ్డులో ఏమో గాలి కొడుతోంది, ఇంట్లో ఏమో ఉక్క.’ రాసేటప్పుడు ‘కాగా’, మాట్లాడేటప్పుడు ‘ఏమో’. పాపకు ఇలా చెబితే ఒక్క నిమిషంలో పట్టుకుంటుంది.

టీచరు కొట్టేసిన వాక్యం సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. ‘ఏమో’ పెట్టి చూడండి: ‘నేనేమో కష్టపడి చదివాను, నాకేమో తక్కువ మార్కులు వచ్చాయి.’ ఎక్కడో కుంటుతోంది కదా? ఇద్దరు మనుషులో, రెండు వస్తువులో, రెండు ఊళ్లో ఉంటే ‘ఏమో’ ఇటూ అటూ అందంగా నిలబడుతుంది. ఒకే మనిషి గురించి, అనుకున్నది జరగలేదని చెప్పాలంటే మనం ‘ఏమో’ వాడం. ‘చదివినా మార్కులు రాలేదు’ అంటాం. ఆ ‘చదివినా’లోని ‘నా’కు ఇంగ్లీషు మాట ‘ఆల్దో’. పాప రాయాల్సింది ‘ఆల్దో ఐ స్టడీడ్ హార్డ్, ఐ గాట్ లో మార్క్స్’ అని. లేదూ ‘వేర్‌యాజ్’నే వాడాలి అనుకుంటే ఇంకో మనిషిని తీసుకురావాలి: ‘ఐ స్టడీడ్ ఆల్ ఈవెనింగ్, వేర్‌యాజ్ మై బ్రదర్ ప్లేడ్ క్రికెట్.’ నేనేమో చదివాను, తమ్ముడేమో ఆడుకున్నాడు. సరిపోయింది. టీచరు కొట్టేయడం న్యాయమే. ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ఎదురెదురు అంటే ఎలా ఉండాలో పాపకు కళ్లారా చూపించాలంటే ఆదివారం ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లండి. రోడ్డుకు సముద్రం వైపున కుర్సురా జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. రోడ్డుకు ఇవతల వైపు టీయూ-142 విమానం, 2017లో మ్యూజియం అయింది. ఒకటి నీళ్ల కింద దాక్కుని తిరిగేది, రెండోది ఆకాశంలో తిరుగుతూ సరిగ్గా అలా దాక్కున్న జలాంతర్గాములను వెతికి పట్టేది. మధ్యలో ఒక్క రోడ్డు. ‘ద కుర్సురా హిడ్ అండర్ ద సీ, వేర్‌యాజ్ ద టీయూ-142 హంటెడ్ ఫ్రమ్ ద స్కై.’ ఆ రోడ్డు ఉన్న చోటే ‘వేర్‌యాజ్’ ఉంది, దాని ముందు కామా ఉంది. అటూ ఇటూ ఒకే కొలతలో ఉండాలి. ఇటు ఎక్కడ తిరిగిందో చెబితే అటూ ఎక్కడ తిరిగిందో చెప్పాలి. ఇటు తిరిగిన చోటు చెప్పి, అటు టికెట్ ధర చెబితే పోలిక కుదరదు.

ముక్కలను అటుదిటు చేయొచ్చు. ‘వేర్‌యాజ్’ ముక్క ముందు వచ్చి, కామా పెట్టి, అసలు ముక్క తర్వాత రావచ్చు. దస్తావేజులో జరిగేది ఇదే అని ఈపాటికి మీకు తోచి ఉంటుంది.

చేయకూడనిది ఒకటుంది. ‘సేల్స్ పెరిగాయి’ అని ఫుల్‌స్టాప్ పెట్టి, ‘వేర్‌యాజ్ లాభం తగ్గింది’ అని కొత్త వాక్యం ఎత్తుకోవడం. మన తెలుగు పిల్లలు ఈ తప్పు మళ్లీ మళ్లీ చేయడానికి కారణం మన పేపర్లే అని నా అనుమానం. ‘కాగా, ఈ ఘటనపై పోలీసులు కేసు నమోదు చేశారు’ అని వాక్యం మొదట్లో ‘కాగా’ పెట్టడం రోజూ చూస్తాం. ‘అయితే’ను కూడా అలాగే వాడతాం. తెలుగులో అది చెల్లుతుంది, ఇంగ్లీషులో ‘వేర్‌యాజ్’కు చెల్లదు. అలా కొత్త వాక్యంతో మొదలుపెట్టాలని ఉంటే ‘హవెవర్’ ఉంది, ‘బై కాంట్రాస్ట్’ ఉంది. గుమాస్తా గారి చుక్క సంగతి ఇక్కడికీ వర్తిస్తుంది.

‘వైల్’తో దీనికి తేడా ఏమిటని కూడా అడగొచ్చు. ‘వైల్’కు తేడా అర్థమూ ఉంది, ‘అదే సమయంలో’ అనే అర్థమూ ఉంది. ‘నాన్న పోర్టులో పని చేస్తుండగా అమ్మ స్కూలు నడిపింది’ అంటే ఇద్దరి పనులు వేరని చెబుతున్నానా, ఆ రోజుల్లో అని చెబుతున్నానా? తెలుగులోనూ తేలదు, ‘వైల్’తోనూ తేలదు. ‘వేర్‌యాజ్’ పెడితే కాలం ఊసు ఉండదు, తేడా ఒక్కటే మిగులుతుంది. అందుకే అనుమానానికి తావు ఉండకూడదు అనుకునే వాళ్లు దీన్నే పట్టుకుంటారు.

మాట ఒక్కటిగా రాయాలి, ‘వేర్’, ‘యాజ్’ విడదీయకూడదు. విడదీస్తే కంప్యూటర్ ఎర్రగీత పెట్టకపోవచ్చు, ఎందుకంటే విడివిడిగా రెండూ మంచి మాటలే. పలికేటప్పుడు ఊనిక రెండో ముక్క మీద పడుతుంది.

ఎంత వాడాలి అనే దానిమీద నాది కాస్త కఠినమైన అభిప్రాయం. ద్వారకానగర్ కోచింగుల్లో ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) రాసే పిల్లలు అప్పుడప్పుడు తమ రాతలు నాకు చూపిస్తుంటారు. మొదటి టాస్కులో గ్రాఫు చూసి కనీసం 150 మాటలు రాయాలి. పోలికలు చెప్పే పని కాబట్టి ‘వేర్‌యాజ్’ అక్కడ బాగా పనికొస్తుంది, నిజమే. కానీ ఆ 150 మాటల్లో ఐదు ‘వేర్‌యాజ్’లు పెట్టిన కాగితం చూశాను. పులిహోరలో ఇంగువ లాంటిది ఇది, ఒకసారి తగిలితే రుచి. ఇంటి దగ్గర తమ్ముడికి మెసేజ్ పెట్టేటప్పుడు ‘బట్’ చాలు. మన ఆఫీసుల్లో అయితే తెలుగులో మాట్లాడుతూనే ‘వాడు టైముకు వస్తాడు, వేర్‌యాజ్ వీడు...’ అనేవాళ్లు బోలెడుమంది. వినడానికి అలవాటైపోయింది, నేనూ అంటాను. రాతలో మాత్రం ఇది కోటు వేసుకున్న మాట.

ఈమధ్య కొత్త తరహా డ్రాఫ్టుల్లో ‘వేర్‌యాజ్’ తీసేసి, ‘బ్యాక్‌గ్రౌండ్’ అని హెడ్డింగ్ పెట్టి, కింద ఏ, బీ, సీ అని చిన్న చిన్న వాక్యాలు రాస్తున్నారు. ప్రతి దానికీ ఫుల్‌స్టాప్. చదవడానికి హాయిగా ఉంటుంది, అర్థంలో తేడా రాదు. మీ బిల్డర్ వకీలు గారు పాత పద్ధతిలో రాశారు, అంతే. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

మీరు ప్రశ్నలో దింపి పెట్టిన నాలుగు పేరాలూ ఒక్కొక్కటే చూశాను. స్థలం యజమాని ఎవరి దగ్గర కొన్నారో మొదటిది చెబుతోంది, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం రెండూ ఉన్నాయి. ఆ నంబరుతో ఉన్న లింక్ డాక్యుమెంటు కాపీ అడిగి తీసుకుని, ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్టు) అదే నంబరు కనిపిస్తోందో లేదో చూసుకోండి. అది సేల్ డీడా, గిఫ్టా, సెటిల్‌మెంటా అన్నది కూడా చూడండి, నా అనుభవం చెప్పాను కదా. మూడోదానిలో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్లాన్ అప్రూవల్, ఫ్లాటు నంబరు, బిల్డర్ వాటా అన్నీ ఉన్నాయి. నాలుగోది మీరు కొనడానికి ముందుకొచ్చారనే ముక్క, దాంతో పేచీ లేదు. రెండోది చూడండి: ‘యజమాని, బిల్డర్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేసుకుని ఉండగా’ (స్థలం ఒకరిది, కట్టడం ఇంకొకరిది, ఫ్లాట్లు పంచుకునే ఒప్పందం) అని ఉంది, తేదీ ఉంది, కానీ డాక్యుమెంటు నంబరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. డ్రాఫ్టు కాబట్టి ఖాళీ ఉంచారేమో. ఈ ఫ్లాటు అమ్మే హక్కు బిల్డర్‌కు వచ్చింది ఆ అగ్రిమెంట్ వల్లే. అది రిజిస్టర్ అయిందా, నంబరు ఎంత అని అడిగి, ఆ చుక్కల మీద నంబరు పడ్డాకే అడ్వాన్సు చెక్కు ఇవ్వండి.